శేషాచల ప్రాంతంలో నన్నారి: మూలికల గుర్తింపు – సురక్షిత వినియోగం

1. ప్రవేశిక

మూలిక ప్రకృతిసిద్ధమైనది కనుక హాని చేయదన్న నమ్మకం సమాజంలో బలంగా ఉంది. వాస్తవానికి మూలిక చేసే మేలైనా, కీడైనా మూడు అంశాలపై ఆధారపడుతుంది: వాడిన మొక్క, దాని మోతాదు, వాడిన వ్యక్తి ఆరోగ్యస్థితి. మొదటిదే సందిగ్ధమైతే మిగిలిన రెండింటిని నిర్ణయించడం సాధ్యం కాదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో వేసవి పానీయంగా పేరొందిన నన్నారి ఆధారంగా ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఒక పేరు – రెండు మొక్కలు

ఆయుర్వేదం శ్వేత సారిబగా పేర్కొనే మొక్క సుగంధిపాల (హెమిడెస్మస్ ఇండికస్). భారత ఆయుర్వేద ఫార్మకోపియా దీని వేరునే ఔషధంగా గుర్తించింది. అయితే శేషాచలం కొండల నుంచి సేకరించి నన్నారి పేరుతో అమ్మేవి తరచుగా మారేడు గడ్డలు (డెకాలెపిస్ హామిల్టోనీ). వీటినే నన్నారి కొమ్ములు, బర్రె సుగంధి అని కూడా అంటారు. బిల్వపత్రాలనిచ్చే మారేడు చెట్టుతో వీటికి సంబంధం లేదు.

రెండింటి సువాసనకూ 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీబెంజాల్డిహైడ్ అనే సమ్మేళనమే ప్రధాన కారణం. అందువల్ల వాసనతో వాటిని గుర్తించడం కష్టం. సుగంధిపాల వేరు సన్నగా, గట్టిగా ఉంటుంది. మారేడు గడ్డ లావుగా, కండతో ఉంటుంది. పొడిగానో, షర్బత్తుగానో మారిన తరువాత ఈ తేడా కనిపించదు. మారేడు గడ్డను ఊరగాయగా కూడా తింటారు కనుక అది విషపదార్థం కాదు. ఒక మొక్కకు శాస్త్రం చెప్పిన గుణాన్ని, మోతాదును మరొక మొక్కకు ఆపాదించడమే ఇక్కడి దోషం.

3. తిప్పతీగ నేర్పిన పాఠం

కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి కోసం చాలామంది తిప్పతీగను (టైనోస్పోరా కార్డిఫోలియా) వాడారు. దీనిని వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించగా, అదే పోలికలున్న టైనోస్పోరా క్రిస్పాను పొరపాటున వాడి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ స్పందించింది. 2022లో వెలువడిన బహుకేంద్ర అధ్యయనం 43 మంది రోగులను పరిశీలించి, తిప్పతీగకు స్వయంప్రతిరక్షక లక్షణాలున్న కాలేయ వ్యాధితో సంబంధం ఉన్నట్లు సూచించింది. మొక్కను సరిగా గుర్తించడం తప్పనిసరి. కాని అదొక్కటే చాలదని దీనివల్ల తెలుస్తుంది.

4. మూలిక భద్రత – కొండ భద్రత

శేషాచలం 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటితమైంది. మారేడు గడ్డల తీగ రాతి పగుళ్లలో పెరుగుతుంది. దీని సేకరణ యానాదుల వంటి గిరిజనులకు జీవనాధారం. గడ్డలన్నింటినీ తవ్వితే తీగ నశిస్తుంది. అడవిలో ఒక మూలిక అరుదయ్యేకొద్దీ, విపణిలో దాని స్థానాన్ని ఇతర మొక్కలు ఆక్రమించే అవకాశం పెరుగుతుంది. కాబట్టి కొన్ని గడ్డలను నేలలోనే విడిచిపెట్టడం, సాగును ప్రోత్సహించడం వినియోగదారుని భద్రతకు కూడా అవసరం.

5. ముగింపు

• మూలికపై చేసే పరిశోధనలో స్థానిక నామంతో పాటు శాస్త్రీయ నామం, వాడిన భాగం, సేకరణ స్థలం నమోదు కావాలి. నమూనాను వృక్షశాస్త్రజ్ఞులు ధ్రువీకరించాలి.
• కాలేయ వ్యాధి, స్వయంప్రతిరక్షక వ్యాధులు ఉన్నవారు, గర్భిణులు, ఇతర మందులు వాడుతున్నవారు వైద్య సలహా లేకుండా మూలికలు తీసుకోరాదు.
• నన్నారి షర్బత్తులో చక్కెర అధికం. మధుమేహం ఉన్నవారు దానిని ఔషధంగా భావించరాదు.
• కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా మూలికను వెంటనే ఆపి వైద్యుణ్ణి సంప్రదించాలి. వాడిన మూలికను కూడా వైద్యునికి చూపాలి.