మాజూర్‌కూ జమాఅత్‌లో చోటుంది

గోదావరిఖని బొగ్గుబాయిలో పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్న ఒక సోదరుడు ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగాక మస్జిదుకు రావడం మానేశారు. మేము పరామర్శకు వెళ్లినప్పుడు ఎంతోసేపటికి నోరు విప్పారు: "మూత్రం ఆగడం లేదు మౌలానా. ఈ దేహంతో అల్లాహ్ సన్నిధిలో ఎలా నిలబడను?"

ఈ శస్త్రచికిత్స తర్వాత మూత్రంపై అదుపు, దాంపత్య సామర్థ్యం తగ్గవచ్చు. హార్మోను చికిత్స నీరసాన్ని, దిగులును తేవచ్చు. సిగ్గుతో దాచుకునేకొద్దీ మనిషి ఒంటరివాడవుతాడు.

షరీఅత్ అతణ్ణి ఒంటరిగా వదలలేదు. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ నెరవేర్చేంత విరామమైనా దొరకని వ్యక్తిని హనఫీ ఫిఖ్హ్ 'మాజూర్' అంటుంది. ఆయన ప్రతి నమాజు వేళకూ వుజూ చేసుకోవాలి. ఆ వేళ ముగిసేవరకు మూత్రం కారినంత మాత్రాన వుజూ భంగం కాదు. మస్జిదు తడవకుండా ప్యాడ్ ధరించి జమాఅత్‌లో చేరవచ్చు.

దిగులు ఈమాన్ లోపమూ కాదు. యూసుఫ్ కోసం దుఃఖించి దైవప్రవక్త యాఖూబ్ (అలైహిస్సలాం) చూపునే కోల్పోయారు. కనుక సోదరులారా, భార్యతో, వైద్యునితో మనసు విప్పండి. మూత్రం అదుపునకు కటి కండరాల వ్యాయామం అడిగి నేర్చుకోండి. మనోవేదన తగ్గకపోతే టెలీ మానస్ ఉచిత సేవ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ సోదరుడు తర్వాతి శుక్రవారం వచ్చారు. తలుపు దగ్గర, చివరి పంక్తిలో నిలబడ్డారు. ఎవరూ ఏమీ అడగలేదు. పక్కవారు భుజం ఆనించి నిలిచారు.