కొరత వేళ పెట్రోలు ముందు ఎవరికి?

అత్యవసర విధుల్లో ఉన్నవారికి ప్రాధాన్యం సబబే.. జాబితా చిన్నదిగా, ముందే సిద్ధంగా ఉంటేనే ప్రయోజనం

పెట్రోలు బంకు ఎదుట ‘స్టాకు లేదు’ అన్న బోర్డు వేలాడిన రోజున అందరి పనీ అత్యవసరమే అవుతుంది. రాత్రి విధులకు చేరాల్సిన నర్సు, తెల్లవారేసరికి పాలు అందించాల్సిన వ్యాను డ్రైవరు, తెగిన తీగను సరిచేయాల్సిన లైన్‌మన్, బండి కదిలితేనే పూట గడిచే ఆటోవాలా.. అందరూ ఒకే వరుసలో నిలబడతారు. ట్యాంకులో మిగిలిన కొద్దిపాటి ఇంధనాన్ని వచ్చిన వరుసలోనే పోయాలా? చేసే పనిని బట్టి కొందరికి ముందుగా ఇవ్వాలా? గత పాతికేళ్లలో బ్రిటన్, శ్రీలంకలతో పాటు మన విశాఖపట్నం, హైదరాబాద్ నగరాలకూ ఈ సమస్య ఎదురైంది. ఆ అనుభవాలను పరిశీలిస్తే మండల కేంద్రంలోని బంకుకు సైతం వర్తించే పాఠాలు లభిస్తాయి.

కొరత రెండు రకాలు

ఇంధన కొరత అంటే ప్రతిసారీ ఇంధనం లేకపోవడమే కాదు. చాలా సందర్భాల్లో డిపోలో సరకు ఉంటుంది, బంకుకు చేరదు. ట్యాంకరు డ్రైవర్ల సమ్మె, తుపాను, రోడ్లు తెగిపోవడం, విద్యుత్తు నిలిచిపోవడం ఇందుకు కారణాలు. ఈ తరహా కొరత రెండు మూడు రోజుల నుంచి రెండు మూడు వారాల వరకు ఉంటుంది. దేశానికే ఇంధనం రాకపోవడం రెండో రకం. దిగుమతికి డబ్బు లేకపోయినా, యుద్ధం వచ్చినా ఈ పరిస్థితి తలెత్తి నెలల తరబడి సాగుతుంది.

మొదటి రకంలో కొరతను పెంచేది భయమే. మామూలు రోజున వెయ్యి మంది ద్విచక్ర వాహనదారులు తలా ఒక లీటరు పోయించుకుంటే వెయ్యి లీటర్లు చాలు. రేపు దొరకదన్న ప్రచారంతో అదే వెయ్యి మంది తలా ఎనిమిది లీటర్లు నింపించుకుంటే ఎనిమిది వేల లీటర్లు కావాలి. అంటే వారం రోజుల సరకు ఒక్క పూటలో ఖాళీ అవుతుంది. సరఫరా తగ్గకపోయినా బంకు మూతపడుతుంది. ఆ సాయంత్రం విధులు ముగించుకుని వచ్చిన నర్సుకు లీటరు కూడా మిగలదు. ప్రాధాన్యం గురించిన చర్చ మొదలయ్యేది ఇక్కడే.

బ్రిటన్‌లో వైద్యుల డిమాండు

బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు చివరి వారంలో జరిగింది సరిగ్గా ఇదే. భారీ వాహనాల డ్రైవర్ల కొరత వల్ల కొన్ని బంకులను తాత్కాలికంగా మూసివేయాల్సి వస్తోందని బీపీ సంస్థ సెప్టెంబరు 23న వెల్లడించింది. మర్నాటి నుంచే జనం బంకులపై ఎగబడ్డారు. మూడు రోజులు తిరిగేసరికి తమ సభ్యుల బంకుల్లో మూడింట రెండొంతుల వరకు నిండుకున్నాయని అక్కడి పెట్రోలు విక్రేతల సంఘం తెలిపింది. శుద్ధి కర్మాగారాల్లో మాత్రం ఇంధనానికి లోటు లేదు.

వైద్య సిబ్బంది విధులకు చేరలేని ప్రమాదం ఉందని, వారికి ఇంధనంలో ప్రాధాన్యం ఇవ్వాలని బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ కోరింది. కార్మిక సంఘమైన యూనిసన్ కూడా కీలక సిబ్బంది తరఫున ఇదే డిమాండు చేసింది. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థలో మన తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లిన వైద్యులు, నర్సులు ఎందరో పనిచేస్తున్నందున ఆ వార్తలు ఇక్కడి కుటుంబాలనూ తాకాయి.

ప్రభుత్వం ఆ డిమాండును అంగీకరించలేదు. పరిస్థితి కుదుటపడుతోందని చెబుతూ అక్టోబరు 4 నుంచి ట్యాంకర్లు నడిపేందుకు సైనికులను రంగంలోకి దించింది. ప్రాధాన్య విధానం వారికి కొత్తదేమీ కాదు. 2000 సెప్టెంబరులో రైతులు, లారీ యజమానులు చమురు కర్మాగారాలను దిగ్బంధించినపుడు కొన్ని బంకులను అత్యవసర విధుల వారికే కేటాయించారు. అలాంటి బంకులను ముందే గుర్తించి ఉంచే ప్రణాళిక 2021లోనూ ఉంది. అయినా వాటిని అమలులోకి తేలేదు.

కీలక సిబ్బంది అంటే ఎవరన్నదే అసలు చిక్కు. కొవిడ్ కాలంలో రూపొందిన నిర్వచనాన్ని బట్టి లెక్కిస్తే 2019లో బ్రిటన్ ఉద్యోగుల్లో 1.06 కోట్ల మంది, అంటే 33 శాతం, కీలక సిబ్బంది కిందికి వస్తారని అక్కడి జాతీయ గణాంక సంస్థ తేల్చింది. ప్రతి ముగ్గురిలో ఒకరికి ప్రాధాన్యం ఇస్తే అది ప్రాధాన్యం అనిపించుకోదు, రెండో క్యూ అవుతుంది.

శ్రీలంక నేర్పిన పాఠం

రెండో రకం కొరతకు శ్రీలంక ఉదాహరణ. విదేశీ మారకద్రవ్యం అడుగంటడంతో 2022లో ఆ దేశం చమురు కొనలేకపోయింది. బంకుల వద్ద గంటల తరబడి నిలబడి కొందరు వృద్ధులు ప్రాణాలు కోల్పోయారు. జూన్ 27న ప్రభుత్వం కఠిన నిర్ణయం ప్రకటించింది. ఆ అర్ధరాత్రి నుంచి జులై 10 వరకు వైద్యం వంటి అత్యవసర సేవలకు తప్ప ఎవరికీ ఇంధనం అమ్మరాదన్నది దాని సారాంశం. కాగితంపై ఇది సంపూర్ణ ప్రాధాన్యం. ఆచరణలో మాత్రం బంకుల్లోనే సరకు లేకపోవడంతో విధులకు చేరలేకపోతున్నామంటూ వైద్యులు, నర్సులు సైతం కొలంబో వీధుల్లో నిరసన తెలిపారు.

ఆ తర్వాత జులైలోనే క్యూఆర్ కోడ్‌తో కూడిన ఇంధన పాస్ విధానాన్ని తెచ్చారు. తొలి దశలో వారానికి ద్విచక్ర వాహనానికి 4 లీటర్లు, ఆటోకు 5 లీటర్లు, కారుకు 20 లీటర్లుగా కోటా నిర్ణయించారు. నంబరు ప్లేటులోని చివరి అంకెను బట్టి రోజులు కేటాయించారు. తన వంతు తప్పక వస్తుందన్న నమ్మకం కలగడంతో క్యూలు క్రమంగా తగ్గాయి. ఈ విధానం 2023 సెప్టెంబరు 1న ముగిసింది.

ఇక్కడా ఒక లోటు కనిపించింది. ఆటో లీటరుకు 25 నుంచి 30 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే 5 లీటర్లతో వారానికి 150 కిలోమీటర్లకు మించి తిరగలేదు. రోజంతా బాడుగకు తిరిగే బండికి అది రెండు రోజులకైనా చాలదు. ఆటో కోటాను తర్వాత పెంచక తప్పలేదు. షికారుకు వాడే బండినీ బతుకుతెరువుకు వాడే బండినీ ఒకే కొలతతో కొలవడం కుదరదని దీనివల్ల తేటతెల్లమైంది.

మన దగ్గర ఏం జరిగింది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. విద్యుత్తు స్తంభించడంతో జనరేటరు లేని బంకుల్లో పంపులు పనిచేయలేదు. తెరిచిన కొద్ది బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ వాహనాలు బారులు తీరాయి. ఆసుపత్రుల జనరేటర్లకు, సెల్ టవర్లకు, తాగునీటి పంపులకు, కూలిన చెట్లు తొలగించే యంత్రాలకు అన్నింటికీ అదే డీజిలు కావాలి. చమురు శుద్ధి కర్మాగారం ఉన్న నగరంలోనే ఈ దుస్థితి ఏర్పడటం గమనార్హం.

2024 జనవరి మొదట్లో భారతీయ న్యాయ సంహితలోని హిట్ అండ్ రన్ నిబంధనకు నిరసనగా లారీ, ట్యాంకరు డ్రైవర్లు ఆందోళనకు దిగారు. జనవరి 2న హైదరాబాద్‌లో బంకుల ముందు వాహనాలు కిక్కిరిశాయి. అనేక బంకులు మూతపడ్డాయి. చంచల్‌గూడ ప్రాంతంలో ఆహారం చేరవేసే యువకుడొకరు గుర్రంపై బయలుదేరిన దృశ్యం దేశమంతా చూసింది. అందరూ నవ్వుకున్నా అందులో ఓ చేదు నిజం ఉంది. బండి ఆగితే ఆ రోజు సంపాదన లేనివారు ఏ ప్రాధాన్య జాబితాలోనూ ఉండరు. అదే రోజున చండీగఢ్ యంత్రాంగం వ్యక్తులను కాక వాహనాలను చూసి పరిమితి విధించింది. ద్విచక్ర వాహనాలకు 2 లీటర్లు, నాలుగు చక్రాల వాహనాలకు 5 లీటర్లకు మించి పోయరాదని ఆదేశించింది. ఆ రాత్రి కేంద్రంతో చర్చలు ఫలించి ఆందోళన సద్దుమణిగింది.

అభ్యంతరాలూ బలమైనవే

ప్రాధాన్యం కూడదనేవారి వాదనను తోసిపుచ్చలేం. గుర్తింపు కార్డు చూసి పెట్రోలు పోయాల్సింది బంకులో పనిచేసే చిరుద్యోగి. ఎవరు అర్హులో, ఎవరు కారో తేల్చే భారం అతనిపై పడితే గొడవలు తప్పవు. పలుకుబడి ఉన్నవారు జాబితాలో దూరడం మరో బెడద.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా పెట్రోలుకు రేషన్ పెట్టింది. సాధారణ పౌరులకు ‘ఏ’ కార్డుపై వారానికి మూడు నాలుగు గ్యాలన్లే దక్కేవి. వైద్యుల వంటి వారికి ఎక్కువ ఇచ్చే కార్డులు వేరుగా ఉండేవి. పరిమితే లేని ‘ఎక్స్’ కార్డులను 1942లో 200 మందికి పైగా చట్టసభల సభ్యులు తీసుకున్నారని వెల్లడి కావడంతో ప్రజలు మండిపడ్డారు. జనం పొదుపు పాటించాలంటే పెద్దలు వరుసలో నిలబడాలి.

మన ప్రాంతంలో ‘ప్రభుత్వ విధులు’, ‘పోలీస్’, ‘ప్రెస్’ అని రాసుకున్న సొంత వాహనాలకు కొదవ లేదు. స్టిక్కరు చూసి పెట్రోలు పోస్తే స్టిక్కర్లే పెరుగుతాయి. విలేకరుల బండ్లకూ ఇందులో మినహాయింపు ఉండరాదు. వార్త ఫోనులోనూ పంపవచ్చు, రోగికి సూదిమందు ఫోనులో ఇవ్వలేరు.

జాబితా ఎలా ఉండాలి?

ఈ అనుభవాలన్నీ చూస్తే హోదాకు కాక పనికి ప్రాధాన్యం దక్కాలన్నది స్పష్టం. మూడు ప్రశ్నలతో అర్హతను తేల్చవచ్చు. ఆ పని ఇవాళ ఆగితే ప్రాణానికి ముప్పా? మనిషి స్వయంగా వెళ్తే తప్ప జరగదా? సొంత బండి తప్ప మరో మార్గం లేదా? మూడింటికీ అవునన్న జవాబు వస్తేనే జాబితాలో చోటు ఉండాలి. ఈ గీటురాయితో చూస్తే జిల్లా కార్యాలయంలో పనిచేసే అధికారికి చోటు దక్కకపోవచ్చు. మారుమూల తండాకు గర్భిణి కోసం వెళ్లే ఆశా కార్యకర్తకు, రాత్రి వంతుకు వచ్చే డయాలసిస్ టెక్నీషియనుకు, లైన్‌మన్‌కు తప్పక దక్కుతుంది. కార్డుకు బదులు ఆ వారం విధుల పట్టికపై ఆసుపత్రి లేదా శాఖాధికారి సంతకం చేసి బంకుకు ముందుగా పంపితే బంకు సిబ్బందికి వాదన తప్పుతుంది.

వ్యక్తుల కంటే ముందు సేవలను చూడాలి. 108 వాహనాలు, అగ్నిమాపక శకటాలు, ఆసుపత్రి జనరేటర్లు, తాగునీటి ట్యాంకర్లకు మొదటి వాటా దక్కాలి. ఆ వెంటనే ఆర్టీసీ బస్సులకు ఇవ్వాలి. ఒక బస్సు యాభై మందిని చేరవేస్తుంది. బస్సు తిరిగితే నర్సుకు, ఉపాధ్యాయుడికి, కూలీకి, విద్యార్థికి పెట్రోలు అవసరమే చాలావరకు తీరిపోతుంది. ఎవరి కార్డూ అడగకుండా అందరికీ అందే ప్రాధాన్యం ఇదే. కోతల కాలమైతే వరికోత యంత్రాలకు, ధాన్యం తరలించే ట్రాక్టర్లకు డీజిలు కేటాయించాలి. వాన ముంచుకొస్తే కళ్లంలోని పంట రెండు రోజులు ఆగదు.

మిగిలిన సరకును అందరికీ చండీగఢ్ తరహాలో కొద్దికొద్దిగా పంచాలి. ఉదాహరణకు బంకులో 4 వేల లీటర్లు మిగిలాయనుకుందాం. వెయ్యి లీటర్లు అత్యవసర సేవలకు పక్కన పెట్టినా, మిగతా 3 వేల లీటర్లు తలా 2 లీటర్ల చొప్పున 1,500 ద్విచక్ర వాహనాలకు సరిపోతాయి. తలా 8 లీటర్లు పోస్తే 375 బండ్లతోనే ముగుస్తుంది. కొరత వారాల తరబడి సాగేలా ఉంటే శ్రీలంక తరహా కోటాకు మారాలి. అందులో ఆటోలు, సరకు రవాణా బండ్లకు ఎక్కువ వాటా ఉండాలి.

ముందే సిద్ధం కావాలి

ఇందుకు చట్టాలు ఇప్పటికే ఉన్నాయి. 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం పరిధిలోకి పెట్రోలియం ఉత్పత్తులు వస్తాయి. వాటి సరఫరా, పంపిణీలను నియంత్రించే అధికారం ప్రభుత్వానికి ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. లోపమల్లా జాబితాలు బంకులు ఖాళీ అయిన తర్వాత తయారు కావడమే.

ప్రతి మండలంలో జనరేటరు ఉన్న ఒక బంకును ముందే గుర్తించాలి. అక్కడ ఎన్ని లీటర్లు నిల్వ ఉంచాలో, ఏ సమయంలో అత్యవసర సిబ్బందికి పోయాలో రాతపూర్వకంగా తెలపాలి. సాధారణ క్యూలో గొడవ రాకుండా వేరే వేళ కేటాయించడం మేలు. జాబితాను మండల కార్యాలయం గోడపై అందరికీ కనిపించేలా అంటించాలి. ఎవరి పేరు ఎందుకు ఉందో ఊరికి తెలిస్తే అక్రమార్కులు వెనుకంజ వేస్తారు. ఆదేశం ఎప్పుడు ముగుస్తుందో కూడా అందులోనే పేర్కొనాలి.

ప్రజల వంతు బాధ్యతా ఉంది. పుకారు విన్న వెంటనే ట్యాంకు నింపించుకోవడం, సీసాల్లో, డబ్బాల్లో పెట్రోలు దాచుకోవడం మానుకోవాలి. ఇంట్లో పెట్రోలు నిల్వ ప్రాణాంతకం కూడా. అవసరం లేనివారు రెండు రోజులు ఓపిక పడితే, ఆ రెండు రోజుల్లో ఆసుపత్రి తలుపు తట్టే రోగికి వైద్యుడు, నర్సు అందుబాటులో ఉంటారు. ఆ రోగి ఎవరి ఇంటి నుంచైనా రావచ్చు.