పాట అదే... పరవశం ఏమైంది?

అమెరికాలోని శాంటాక్రూజ్‌లో ఒక కచేరీ. శ్రోతల్లో రసాయనశాస్త్రం బోధించే ఆచార్యుడొకరు ఉన్నారు. సంగీతమంటే చెవి కోసుకునే మనిషి. ఎమిలీ హోవెల్ పేరిట వాయించిన రచన విని ఆయన కదిలిపోయారు. తన జీవితంలో మనసును అంతగా తాకిన సంగీతం చాలా తక్కువన్నారు. ఆర్నెల్ల తర్వాత ఆయనే స్వరకర్త డేవిడ్ కోప్ ఉపన్యాసానికి వెళ్లారు. అక్కడ అదే కచేరీ రికార్డింగు వినిపించారు. ఎమిలీ హోవెల్ మనిషి కాదని, కోప్ తయారుచేసిన కంప్యూటర్ ప్రోగ్రామని ఈసారి ఆయనకు తెలుసు. వినడానికి బాగానే ఉంది గానీ ఇది యంత్రం కట్టిన బాణీ అని వెంటనే తెలిసిపోతోందనీ, ఇందులో హృదయమూ లోతూ లేవనీ అనేశారట. కోప్ స్వయంగా గుర్తుచేసుకున్న సంగతి ఇది.

రెండుసార్లూ వినిపించిన సంగీతంలో ఒక్క స్వరమైనా మారలేదు.

ఆ ఆచార్యుడిది వట్టి దురభిమానమని కొట్టిపారేయడం తేలిక. కానీ ఇవాళ లక్షలాది శ్రోతలది అదే పరిస్థితి. 2025 వేసవిలో ‘ద వెల్వెట్ సన్‌డౌన్’ అనే రాక్ బృందానికి స్పాటిఫైలో నెలవారీ శ్రోతలు పది లక్షలు దాటారు. బాణీలు, గొంతులు, బొమ్మలు అన్నీ ఏఐ సాయంతో పుట్టినవేనని ఆ తర్వాత బృందం తన పరిచయంలోనే రాసుకుంది. అదే ఏడాది నవంబరులో సంగీత స్ట్రీమింగ్ సంస్థ డీజర్, సర్వే సంస్థ ఇప్సోస్‌తో ఎనిమిది దేశాల్లో 9,000 మందిపై చేయించిన సర్వే ఫలితాలు వెలువడ్డాయి. ఏఐ పాటకీ మనిషి పాటకీ తేడా పట్టలేకపోయినవాళ్లు 97 శాతం. అంటే చెవిని నమ్ముకుని లాభం లేదు, ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పాక వినే ఆనందం ఏమవుతుంది?

బాఖ్ ఎవరు, యంత్రమేది?

కోప్‌కి ఈ గొడవ శాంటాక్రూజ్ కచేరీ నాటికే అలవాటు. 1980ల మొదట్లో ఒక ఒపేరా రాయడానికి ఒప్పుకుని, కలం కదలక అవస్థ పడుతున్నప్పుడు ఆయన కంప్యూటర్‌ను ఆశ్రయించారు. అలా పుట్టిందే ‘ఎమీ’ అనే ప్రోగ్రామ్. ఒక స్వరకర్త రచనల్ని ముక్కలుగా విడదీసి, అందులో పదేపదే వచ్చే పోకడల్ని పట్టుకుని, వాటిని కొత్త వరసలో కూర్చేది. 1997లో ఆరెగన్ విశ్వవిద్యాలయంలో దానికి పరీక్ష పెట్టారు. పియానిస్టు వినిఫ్రెడ్ కెర్నర్ మూడు రచనలు వాయించారు. ఒకటి బాఖ్‌ది, ఒకటి ఎమీది, మరొకటి ఆమె భర్త, అక్కడే సంగీతశాస్త్రం బోధించే స్టీవ్ లార్సన్‌ది. ఏది ఎవరిదో చెప్పమంటే సభ ఎమీ రచనను బాఖ్‌కి కట్టబెట్టింది. లార్సన్ రచనను కంప్యూటర్‌దని తేల్చింది. ఆయన నొచ్చుకున్నారు.

ఆ సభను తప్పుపట్టలేం. కానీ ఎవరు రాశారన్న ఊహను బట్టి వినేవారి మనసు ఎంత మారుతుందో ఆ రోజు లెక్కకు రాలేదు. ఆ లెక్క తర్వాత పరిశోధకులు తీశారు.

ఎదుట ఎవరున్నారు?

డేనియల్ షాంక్ బృందం 2023లో ప్రచురించిన మూడు అధ్యయనాలు ఈ విషయంలో చాలా చెబుతాయి. మొదటిదాంట్లో, శ్రోతలు ఏఐ చేసిందని అనుకున్న సంగీతం వాళ్లకు తక్కువగా నచ్చింది. రెండోదాంట్లో ఎలక్ట్రానిక్ సంగీతం వినిపించి, కొందరికి ఏఐ రచన అనీ కొందరికి మనిషి రచన అనీ చెప్పారు. ఇష్టంలో తేడా కనిపించలేదు. మూడోదాంట్లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంతో అదే పని చేశారు. ఏఐ అనగానే ఇష్టం తగ్గింది! యంత్రం ఉంటుందని ముందే అనుకునే చోట శ్రోతకు పోయేదేమీ లేదు. మనిషి కోసం వెతికే చోటే లోటు తెలుస్తోంది.

ఆ వెతుకులాట మెదడులోనూ కనిపించింది. 2009లో నికొలస్ స్టైన్‌బైస్, స్టెఫాన్ కోల్ష్ ప్రచురించిన అధ్యయనంలో స్కానర్‌లో ఉన్నవారికి కొరుకుడుపడని ఆధునిక రచనలు వినిపించారు. రాసింది కంప్యూటర్ కాదు, స్వరకర్త అని నమ్మినప్పుడు, ఎదుటివారి మనసులో ఏముందో ఊహించడానికి పనికొచ్చే భాగాలు మెదడులో చురుగ్గా కదిలాయి. వింటున్నంతసేపూ శ్రోత అవతలి మనిషి ఉద్దేశాన్ని వెతుక్కుంటున్నాడన్నమాట.

ఇలాంటి యంత్రాలు రాకముందే జరిగిన ఒక ముచ్చట దీన్ని ఇంకా తేటపరుస్తుంది. వయొలిన్ దిగ్గజం ఫ్రిట్జ్ క్రైస్లర్ దశాబ్దాలపాటు కొన్ని రచనల్ని వివాల్డీ, కూపరాన్, పున్యానీ వంటి పాతవారివిగా వాయించారు. అవన్నీ తాను రాసినవేనని 1935లో బయటపెట్టారు. లండన్ విమర్శకుడు ఎర్నెస్ట్ న్యూమన్ మండిపడ్డారు. అయినా వయొలిన్ కళాకారులు వాటిని వదల్లేదు, ఇప్పటికీ వాయిస్తూనే ఉన్నారు. పేరు మారినా ఆ స్వరాల వెనక మనిషి అలాగే ఉన్నాడు కదా!

బాలు గొంతు, రెహమాన్ పాట

తెలుగు శ్రోతకు ఈ ప్రశ్న బాలు రూపంలో ఎదురైంది. 1966లో సినిమా పాట మొదలుపెట్టిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు. 2023లో వచ్చిన ‘కీడా కోలా’ సినిమాలో ఆయన గొంతును ఏఐతో పుట్టించి వాడారు. కుటుంబం అనుమతి తీసుకోలేదంటూ ఎస్పీ చరణ్ లీగల్ నోటీసు పంపారు. బాలు పాట వింటే మధ్యలో వచ్చే నవ్వు, చిన్న వెక్కు, పదం విరిచే తీరు ఆయన ఆ క్షణంలో తీసుకున్న నిర్ణయాలని అభిమానికి తెలుసు. ఆ గొంతే యంత్రంలోంచి వస్తే ఆ నిర్ణయం ఎవరిదని అడగాలనిపించడం సహజం.

అదే పని చెప్పి చేసినవాళ్లూ ఉన్నారు. ‘లాల్ సలామ్’ సినిమాలో ఎ.ఆర్. రెహమాన్ 1997లో పోయిన గాయకుడు షాహుల్ హమీద్, 2022లో పోయిన గాయకుడు బంబా బాక్యల గొంతుల్ని ఏఐతో వినిపించారు. వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకుని, తగిన పారితోషికం ఇచ్చామని ప్రకటించారు. 2023లో వచ్చిన బీటిల్స్ పాట ‘నౌ అండ్ దెన్’ విషయంలోనూ దాపరికం లేదు. జాన్ లెనన్ పాత క్యాసెట్ నుంచి ఆయన గొంతును యంత్రం సాయంతో వేరుచేశామని ముందే చెప్పారు. అభిమానులు ఆ పాటను అక్కున చేర్చుకున్నారు. 2025లో దానికి గ్రామీ కూడా వచ్చింది.

చెబితే ఆనందం పోతుందన్న భయానికి అందుకే పెద్ద బలం లేదు. కొందరికి తగ్గవచ్చు. తగ్గినా, తన పరవశాన్ని ఎవరికి సమర్పిస్తున్నాడో తెలుసుకునే హక్కు శ్రోతకు ఉంది. డీజర్ 2025 జూన్ నుంచి ఏఐ ఆల్బమ్‌లకు గుర్తు పెడుతోంది. దాని సర్వేలో 80 శాతం మంది కోరింది కూడా అదే. తెలుగు పాటల వివరాల్లో రచన, సంగీతం, గానం అని వరసగా రాస్తాం. గొంతు ఏఐదైతే ఆ మాటనూ, ఎవరి అనుమతితో వాడారన్నదీ ‘గానం’ పక్కనే రాయడానికి ఒక్క పంక్తి చాలు. చట్టం వచ్చేదాకా ఆగకుండా మన ఆడియో కంపెనీలు రాబోయే పాటతోనే ఆ పంక్తి మొదలుపెట్టాలి.