తలుపు తెరిస్తే సరిపోదు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం దాటి తార్నాకకు చేరగానే, మెట్రో స్తంభం నీడలో తనలో తాను మాట్లాడుకుంటూ ఒకాయన కూర్చొని ఉంటాడు. బాటసారులు పిచ్చివాడని తప్పుకుపోతారు. ఆయనా ఒక తల్లి బిడ్డే.

అమెరికాలో 1955 నాటికి ప్రభుత్వ మానసిక చికిత్సాలయాల్లో ఐదున్నర లక్షలకు పైగా రోగులుండేవారు. ఊరూరా చికిత్సా కేంద్రాలు నెలకొల్పేందుకు 1963లో చట్టం చేశారు. ఆసుపత్రులు మూతపడ్డాయి గాని, తలపెట్టిన కేంద్రాల్లో సుమారు సగమే వెలిశాయి. చౌక అద్దె గదులూ కరువయ్యాయి. ఎందరో వీధులపాలయ్యారు.

మన ఎర్రగడ్డ ఆసుపత్రి మూతపడలేదు. అయితే ఇల్లు లేదన్న కారణంతోనే ఎవరినీ ఆసుపత్రిలో ఉంచరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పునరావాస గృహాలు ఏర్పరచడం ప్రభుత్వ బాధ్యత అని కూడా చెబుతోంది. ఈ రెండో మాట నెరవేరకుంటే మొదటిది రోగిని వీధికే చేరుస్తుంది.

దిక్కులేక తిరిగే రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకొని, 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి, లాకప్పులో ఉంచరాదు. ఇదీ ఆ చట్టంలోని మాటే. కనుక అన్నం పొట్లం ఇచ్చి వెళ్ళిపోకండి, ఠాణాకు తెలియజేయండి. కోలుకొని వచ్చిన బంధువుకు ఇంట్లో చోటివ్వండి, మందులు మానకుండా చూడండి.

మతిస్థిమితం లేనివారిపై నమాజు విధి కాదు. వారి పట్ల మన విధి మాత్రం తొలగిపోలేదు.