దోమ క్రోమోజోములలో పునరుక్తి

పునరుక్తి కావ్యదోషమని మనము విద్యార్థులకు బోధింతుము. జీవకోశమున దాని కథ వేరు.

1897లో రొనాల్డ్ రాస్ సికిందరాబాదున మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది అనాఫిలిస్ దోమ కడుపులోనే. ఆ ప్రజాతికి చెందిన ఆఫ్రికా దోమ గాంబియే డి.ఎన్.ఏ. యందు సుమారు 27 కోట్ల అక్షరములు కలవు. డెంగీని వ్యాపింపజేయు ఈడిస్ ఈజిప్టై దోమయందు 120 కోట్లకు మించియున్నవి. రెంటికిని క్రోమోజోములు మూడు జతలే. జన్యువుల సంఖ్యలోను పెద్ద భేదము లేదు. ఆ యంతరమునకు ప్రధాన కారణము పునరుక్తియే. అందధికభాగము, తమ ప్రతులను తామే వేరుచోట్ల చేర్చుకొను చరఖండములు.

ఒకే ఖండము రెండుచోట్ల ఎదురుబొదురుగా నున్నయెడల, వాని నడిమి భాగము తెగి, తలక్రిందులై అతుకుకొనవచ్చును. దీనినే విలోమ మందురు. అరబియెన్సిస్ అను మరియొక అనాఫిలిస్ దోమలో, ఒక విలోమపు అంచున అట్టి చరఖండమును 1998లో గుర్తించిరి. విలోమములోని జన్యువులు విడిపోక, ఒక్క కట్టగా సంతానమునకు సంక్రమించును. గాంబియేలో రెండవ క్రోమోజోమునందలి యొక విలోమము శుష్కప్రదేశములలో మనుటకు తోడ్పడుచున్నది.

విలోమభేదమును బట్టి దోమలు ఇంటిలోపలనో వెలుపలనో విశ్రమించు స్వభావము మారునని కొలుజ్జీ ప్రభృతులు 1979లో చూపిరి. గోడలకు మాత్రమే మందు చల్లినచో వెలుపలివి మిగిలిపోవును. కనుకనే మనము దోషమని కొట్టివేయు పునరుక్తిని శాస్త్రజ్ఞులు శ్రద్ధతో పఠించుచున్నారు.