జపాను భాష: మాటకు మాట మార్పు

తెలుగునాట యువకులలో జపాను భాష నేర్వవలెనను కోరిక ఈ నడుమ హెచ్చుచున్నది. నిపుణశ్రామికులను పంపుటను గూర్చి భారత జపాను ప్రభుత్వములకు 2021 జనవరిలో ఒడంబడిక కుదిరినది మొదలు, వృద్ధుల పరిచర్యకో కర్మాగారములకో పోగోరు బిడ్డలకై, పొలముపై వచ్చిన సొమ్మును జపాను పాఠములకు వెచ్చించు తల్లిదండ్రులును కలరు. ఈ భాషకు ప్రపంచమంతట నడుచు ప్రధానపరీక్షలో ఐదు తరగతులున్నవి. ఆ యైదింటిలో దేనియందును అభ్యర్థి నోరు విప్పి ఒక్క వాక్యమైన పలుకవలసిన పనిలేదు. చదివి, విని, ఇచ్చిన జవాబులలో సరియైనదానిని గుర్తించిన చాలును. పట్టా చేతికి వచ్చియు మాట నోటికి రానివారు బయలుదేరుటలో వింత యేమి?

ఈ కొరతను తీర్చుకొనుటకు యువకులు ఒక మార్గమును కనుగొనిరి. జపాను దేశస్థుడొకనితో చెలిమి చేసికొని, తెరమీద ముఖముఖములు చూచుకొనుచు, అరగంట అతని భాషలోను అరగంట తమ రిచ్చు భాషలోను ముచ్చటించుటయే యది. ధనముతో నిమిత్తము లేదు. మాటకు మాటయే వెల. ఈ పద్ధతిని మేము మనసార మెచ్చుకొనుచున్నాము. అది సాధారణముగ నడుచుచున్న తీరును మాత్రము మెచ్చజాలము.

జపాను మిత్రుడు మనవానినుండి కోరునది ఇంగ్లీషు. అందు దోషము లేదు. అతనికి దానితో పనియున్నది. మనవాడు మొదటి యరగంటలో నాలుగు జపాను వాక్యములు తడవి తడవి పలికి, ఐదవదానికి మాట దొరకక ఇంగ్లీషులోనికి జారును. ఎదుటివాడు దానికొరకే వచ్చినవాడు గనుక సంతోషముతో అందుకొనును. ఇక గంట ముగియువరకు ఇంగ్లీషే. ఆరుమాసములు గడచునప్పటికి జపాను మిత్రుని ఇంగ్లీషు చక్కబడును; మనవాని జపాను మొదటి మెట్టుననే నిలిచియుండును. పరాయి సొమ్మును వడ్డీలేక అప్పిచ్చు వర్తకమిది.

ఇంతకంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. మనవాడు జపాను వాక్యమును ఇంగ్లీషు మూసలో పోయజూచును. తెలుగు నేర్చిన నోటికి ఈ తిప్పలేల? జపాను వాక్యము తెలుగు వాక్యమువలెనే నడుచును. క్రియ చివర వచ్చును. "నుండి", "వరకు", "తో" అనునట్టివి నామమునకు వెనుక తగులును. "వతషి గ కినో యొన్ద హొన్" అన్నచో "నేను నిన్న చదివిన పుస్తకము". "గ" యనునది కర్తను తెలుపు ప్రత్యయము. తక్కినదంతయు వరుసకు వరుస సరిపోవును. ఇంగ్లీషులోనైన పుస్తకము ముందునకు దూకి, చదివినవాడు దాని వెనుక నిలుచును. ప్రశ్న కావలసిన మనము క్రియకు దీర్ఘమిచ్చి "వచ్చినారా" అందుము. వారు వాక్యాంతమున "క" చేర్తురు. మన "అని చెప్పెను"లోని "అని"కి వారి "తొ" దీటుగ నున్నది. ఒక పదార్థమును రుచి చూడుమనుటకు మన యిండ్లలో "తిని చూడు" మందురు. వారును "తబెతె మితె" యనియే యందురు. తబెతె యనగా తిని. మితె యనగా చూడు. ఇంగ్లీషు దారిని పోయినవానికి తినుటలో చూచుట యేమో బోధపడుటకే ఒక పాఠము కావలెను.

ఉచ్చారణమందును అంతే. "ఒబసన్" పినతల్లి, మేనత్త, "ఒబాసన్" అవ్వ. "కితె" యనగా వచ్చి. "కిత్తె" యనగా తపాలాబిళ్ల. హ్రస్వదీర్ఘములను, ద్విత్వమును బాల్యమునుండి చెవినబెట్టుకొన్న తెలుగువానికి ఇది శ్రమ కాదు. లిపి మాత్రము నిజముగ కష్టమే. జపాను ప్రభుత్వము నిత్యవ్యవహారమునకై 2010లో సవరించిన పట్టికలో చీనా సంకేతాక్షరములు 2136 గలవు; వానిలో పెక్కింటికి రెండేసి పఠనములు. నీటికి గల సంకేతము నొకచోట "మిజు" అని దేశ్యముగను, మరొకచోట "సుయి" అని చీనాపద్ధతిని చదువుదురు. ఒకే గుర్తును తావునుబట్టి నీరనియు జలమనియు చదువుట యనుకొన్నచో మనవారికి ఆశ్చర్యము తగ్గును.

ఇంతమాత్రమున రెండును దాయాదిభాషలని చాటుట తగదు. సుసుము ఓనో అను పండితుడు జపానునకు తమిళముతో చుట్టరికమును కల్పింప యత్నించెను గాని భాషావేత్తలలో పెక్కురు దానిని అంగీకరింపలేదు. పోలిక ఉపయోగకరము, అది చాలును.

పోలికయే మోసపుచ్చు తావులును కలవు. మన మాటలాడుచుండగా జపాను మిత్రుడు "హై, హై" యనుచుండును. అది సమ్మతి యని పొంగిపోరాదు. కథ వినువాడు ఊఁ కొట్టునట్లు, వినుచున్నానని తెలుపుటయే తరచు దాని యర్థము. వారి "సన్" మన "గారు" వంటిదే. తన పేరునకు తాను తగిలించుకొనరాదు. కాని మనము పరులయెదుట "మా నాన్నగారు" అందుము. జపానువారు తమ తండ్రిని పరులతో ప్రస్తావించునపుడు గౌరవవాచకమును విడిచి "చిచి" యందురు. ఎదుటివాని తండ్రియైన "ఒతోసన్". తన కొలువులోని పై యధికారినిగూడ వెలుపలివారితో "సన్" లేకయే పేర్కొందురు. తనవారిని తగ్గించి, పరులను హెచ్చించుట వారి మర్యాద. ఇట్టివి పుస్తకమున చదివిన నాలుకకు పట్టవు. సంభాషణలో నాలుగుమార్లు దిద్దించుకొన్నపుడే పట్టును.

దిద్దించుకొనుటకును ఒక తీరున్నది. సంభాషణమిత్రుడు గురువు కాడు. "వ" యెచ్చట, "గ" యెచ్చట అని కారణ మడిగిన అతడు తెల్లబోవును. "నాకు ఆకలి" యనవలెను, "నేను ఆకలి" యన రాదు, ఏల యని మన పల్లెటూరి రైతు నడిగిన ఏమి చెప్పును? "అట్లే అందుము" అనును. కాబట్టి కారణమును వ్యాకరణమున వెదకికొని, మిత్రుని మాత్రము "మీరైన దీనినెట్లు చెప్పుదురు?" అని యడిగి, అతడు చెప్పిన వాక్యమును వ్రాసికొని, మరువారము దానినే వాడిచూడవలెను. మాట తట్టనపుడు ఇంగ్లీషునకు పోక, తెలిసిన మాటలతో చుట్టు తిరిగి చెప్పుట మేలు.

బదులుగ నేమి యిత్తుము? అతడు కోరిన యింగ్లీషు నతని యరగంటలో నిండుగ నీయుడు. దానితోకూడ తెలుగును పది నిమిషములు ముందుంచుడు. జపాను అక్షరముల వరుస "అ ఇ ఉ ఎ ఒ", పిదప "క, స, త, న" అని సాగును. ఈ యమరిక సంస్కృత వర్ణమాలాభ్యాసమునుండి బౌద్ధులద్వారమున వారికి సంక్రమించినది. భారతదేశమునుండి 736లో అచ్చటికేగిన బోధిసేనుడే 752లో నారా మహాబుద్ధవిగ్రహమునకు నేత్రోన్మీలనము గావించెను. మన గుణింతమును చూపినచో పరాయిదనిపింపదు.

భాషను మనుష్యునినుండి గైకొని, తిరిగి యిచ్చినవారు మనలో లేకపోలేదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష యెరిగినవానిని ఇంట నుంచుకొని ఆ భాషను నోటనేర్చిరి. సవర బిడ్డలకు వారి భాషలోనే బడులు నడిపిరి. ఆ భాషకు వ్యాకరణగ్రంథమును 1931లో వెలువరించిరి. పతాకమును రూపొందించిన పింగళి వెంకయ్యగారు 1913లో బాపట్లలో జపాను భాషలో ఉపన్యసించి "జపాను వెంకయ్య" యని పేరొందిరి. వీ రిరువురకును తెర గాని పట్టా గాని లేదు.

ఈ యభ్యాసమునకు దిగువారు గడియారమును మరువరాదు. జపాను కాలము మనకంటె మూడున్నర గంటలు ముందు. మనము రాత్రి భోజనము ముగించి తొమ్మిదింటికి తీరికగ పిలిచిన అచ్చట అర్ధరాత్రి దాటి పండ్రెండున్నర. మర్యాదకు వెఱచి అతడు "పరవాలే"దనును గాని, మరువారము పలుకడు. సాయంకాలము ఐదింటికి కూర్చున్నచో వారికి ఎనిమిదిన్నర. ఇరువురకును అదియే అనుకూలము.