బుచ్చిరెడ్డిపాలెము కళ్ళము నుండి చౌక ధరల దుకాణము దాక

బుచ్చిరెడ్డిపాలెము ప్రాంతమున ధాన్యపు బేరము క్వింటాళ్ళలో జరుగదు, పుట్లలో జరుగును. పుట్టి యనగా మనకు 850 కిలోలు. ప్రభుత్వము ప్రకటించు మద్దతు ధర మాత్రము క్వింటాలు లెక్కన నుండును. ఈ రెండు కొలతల నడుమ తేమ అను మూడవ లెక్క వచ్చి చేరగనే, రైతు చేతికి రావలసిన సొమ్ము కొంత కాటా దగ్గరనే జారిపోవుచున్నది. పేదవాని ఆకలి తీర్చుటకై దేశమున జరుగుచున్న ప్రయత్నములో మన కళ్ళము ఎచ్చట నున్నదో తెలిసికొన్నచో ఈ లెక్క కూడ తేటపడును.

మన దేశము తిండికై ఇతర దేశముల వైపు చూచిన రోజులు పెద్దలకు గుర్తుండును. 1956లో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందము కుదిరి గోధుమలు ఓడలలో రాసాగినవి. 1965, 66లలో వరుసగా వానలు తప్పగా, 1966 ఒక్క సంవత్సరమునందే కోటి టన్నులకు పైగా ధాన్యము దిగుమతి చేసికొనవలసి వచ్చినది. అప్పటికే 1960లో సాంద్ర వ్యవసాయ పథకమునకు దేశమున ఎన్నుకొన్న మొదటి ఏడు జిల్లాలలో మన పశ్చిమ గోదావరి యొకటి. 1965లో భారత ఆహార సంస్థ, వ్యవసాయ ధరల సంఘము ఏర్పడినవి. ఎక్కువ పండించిన రైతు ధర పడిపోయి నష్టపోకుండ ఒక హామీ యుండవలెను, కొన్న ధాన్యము పేదలకు చౌకగా చేరవలెను అన్నది వాని ఉద్దేశము. 1966లో ఫిలిప్పీన్సు నుండి ఐ.ఆర్. 8 వరి విడుదలైనది. దానిని ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు పండించి చూపిన సంగతి తెలుగునాట ప్రసిద్ధమే. విత్తనము, నీరు, ఎరువు, ధర ఈ నాలుగును కలిసి వచ్చినప్పుడే దిగుబడి పెరిగినది. ఒక్క విత్తనమునకే ఆ ఘనత నంతయు కట్టబెట్టుట నాకు సబబుగా తోచదు.

పంపిణీ సంగతి చూడుడు. 1983లో మన రాష్ట్రమున కిలో 2 రూపాయల బియ్యము మొదలైనది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టము వచ్చి, గ్రామములలో 75 శాతము, పట్టణములలో 50 శాతము జనాభా వరకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమును హక్కుగా చేసినది. మిక్కిలి పేదలైన అంత్యోదయ కుటుంబములకు నెలకు 35 కిలోలు. 2023 జనవరి నుండి కేంద్రము ఈ ధాన్యమును ఉచితముగా నిచ్చుచున్నది.

ఇందులో మన పుట్టి వంతు ఎంత? పచ్చి బియ్యమునకు మరపట్టినచో క్వింటాలు ధాన్యమునకు 67 కిలోల బియ్యము రావలెనని నిబంధన. ఆ లెక్కన పుట్టికి సుమారు 570 కిలోలు. నెలకు 5 కిలోల చొప్పున అది తొమ్మిది మందికి ఏడాది పొడుగునా సరిపోవును. పెన్నా నీరు సంగము వద్ద మళ్ళి, కనిగిరి రిజర్వాయరు నిండి, మన కాలువలలోనికి వచ్చి పండించిన పంటయే ఎచ్చటనో కూలి ఇంటి పొయ్యి మీద ఉడుకుచున్నది. 2022 సెప్టెంబరులో సంగము, నెల్లూరు బారేజీలు ప్రారంభమైన పిమ్మట ఈ నీటి భరోసా కొంత హెచ్చినది.

ఇక ధర. 2025-26 సంవత్సరమునకు సాధారణ రకము క్వింటాలు 2,369 రూపాయలు, ఎ-గ్రేడు 2,389 రూపాయలు. పుట్టికి లెక్కించినచో సాధారణ రకమునకు 20,136 రూపాయల 50 పైసలు, ఎ-గ్రేడుకు 20,306 రూపాయల 50 పైసలు. నెల్లూరు మసూరి అని పిలుచుకొను ఎన్.ఎల్.ఆర్. 34449 వంటి సన్న రకములకు గిరాకీ యున్న ఏడు బయటి వర్తకుడే ఇంతకంటె ఎక్కువ ఇచ్చును. అప్పుడు మద్దతు ధర ఊసు ఎవరికిని పట్టదు. కోతలన్నియు ఒక్కసారి వచ్చిపడి, ఎడగారు పంటపై వాన కురిసినప్పుడే దాని అవసరము తెలియును. అట్టి సమయముననే తేమ పేరిట తరుగు కూడ తీయుదురు.

మద్దతు ధరకు కొనుటకు తేమ 17 శాతమునకు మించరాదు. కోత యంత్రము నుండి దిగిన ధాన్యములో తరచుగా 20 నుండి 25 శాతము వరకు తేమ యుండును. ఎక్కువ తేమకు ఎక్కువ తూకము అడుగుట అన్యాయము కాదు. నీటిని ధాన్యము వెలకు ఎవరు కొందురు? ఎంత ఎక్కువ అన్నదే ప్రశ్న. 17 శాతము తేమ గల 850 కిలోలలో నీరు పోగా మిగులు గట్టి పదార్థము 705 కిలోల 500 గ్రాములు. తేమ 20 శాతమైనచో ఇదే గట్టి పదార్థము రావుటకు 882 కిలోలు తూచవలెను. 22 శాతమునకు 904 కిలోల 500 గ్రాములు. 25 శాతమునకు 941 కిలోలు. ఈ అంకెలను గోడమీద వ్రాసికొన్నను తప్పులేదు.

పుట్టికి 900, 950 కిలోలు తూచుట ఈ జిల్లాలో వినని మాట కాదు. 22 శాతము తేమకు 950 కిలోలు తూచిన రైతు, న్యాయముగా ఇవ్వవలసిన దానికంటె 45 కిలోల 500 గ్రాములు అదనముగా ఇచ్చినట్లే. మద్దతు ధర లెక్కన దాని వెల 1,078 రూపాయలు. ఎకరమునకు మూడు పుట్లు పండినచో 3,234 రూపాయలు. కౌలు రైతుకు ఇది చిన్న మొత్తము కాదు. గత కోతలలో నేను చూచిన ఒక కళ్ళములో తేమ చూచు పరికరమే లేదు. దళారి నాలుగు గింజలు పంట కొరికి “ఇరవై నాలుగు” అన్నాడు, రైతు తల ఊపినాడు. పంటికి అంత సూక్ష్మము తెలియదు.

కావున రైతు సోదరులు మొదట ఆరబెట్టుట నేర్పుగా చేయవలెను. కోతకు సుమారు పది రోజుల ముందు మడిలో నీరు తీసివేయుడు. వెన్నులో నూటికి 80, 85 గింజలు పండిన పిమ్మట కోయుడు. ధాన్యమును టార్పాలిన్ పట్టలపై రెండు మూడు అంగుళముల మందమున పరచి, గంటకొకసారి తిరుగవేయుడు. నడి ఎండలో కాగిన తారురోడ్డు మీద పలుచగా పరచినచో త్వరగా ఆరును గాని, గింజ లోపల పగిలి మిల్లులో నూక యగును. రాత్రి కుప్పచేసి మంచు పడకుండ కప్పుడు. తాలు, మట్టి తూర్పార బట్టుట మరువరాదు; రాయి, మట్టి నూటికి 1, గడ్డి, తాలు వంటివి నూటికి 1 మించరాదని నిబంధన.

తేమ చూపించునపుడు రాశి పైపైన తీసిన గింజలతో తృప్తిపడకుడు. పైన ఎండి, అడుగున నెమ్ముగా నుండుట సహజము. నడుమ నుండి, అడుగు నుండి కూడ గింజలు తీసి కలిపి, రెండు మూడు మారులు చూచి సగటు కట్టవలెను. పరికరము బియ్యమునకు గాక ధాన్యమునకు సరిచేసి యున్నదా అని అడుగుడు. రైతు సేవా కేంద్రమున అమ్మదలచినవారు పంట నమోదులో తమ పేరు, సర్వే నంబరు, రకము సరిగా నున్నవో లేవో కోతకు ముందే చూచుకొనవలెను. కౌలుదారుల విషయమున చిక్కు ఎక్కువగా ఇచ్చటనే వచ్చును. తూకము చీటీపై తేమ శాతమును కిలోలతో పాటు వ్రాయించుకొనుడు. మరుసటి పంట విత్తనమునకై ఉంచుకొను ధాన్యము మాత్రము 17 శాతముతో ఆపక, 13 శాతమునకు దిగువ వరకు ఆరబెట్టి గోనెలకెత్తవలెను.